కంచం కడిగిన ప్రయాణికురాలు

ప్రవేశాల అధికారి గారికి,
దక్షిణ దీవుల జలవిద్యా కేంద్రం.

నమస్కారం. నా పేరు పాంగి దేవమణి. మీ మొదటి సంవత్సరం జాబితాలో నలభై ఒకటో పేరు నాది.

ఇది ఇప్పుడే రాయాలి. ఈ ఉత్తరం బయటికి తీసుకెళ్తానని మాటిచ్చి, నేను రాసేదాకా పక్కనే కూర్చున్న మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ విమానం ఇంకో గంటా ఇరవై నిమిషాల్లో బయలుదేరుతుంది.

నేను సీటు వదులుకున్నట్టు ఈ నెల 4న మీకు సమాచారం అంది ఉంటుంది. నేను వదులుకోలేదు. జరిగింది ఏ రోజుకారోజు, మీకే చెప్పుకుంటున్నట్టు, నోటుబుక్కులో రాసుకున్నాను. తిరగరాసే సమయం లేదు కాబట్టి ఆ కాగితాలే చింపి జత చేస్తున్నాను. కొన్నిచోట్ల తడిచేత్తో రాశాను, అక్షరాలు అలుక్కుపోయాయి. క్షమించండి.

మార్చి 3. నడిసంద్రం విమానాశ్రయం

పదకొండుంపావుకి దిగాను. మీ దీవికి వెళ్ళే విమానం పన్నెండూ యాభైకి. మధ్యలో తొంభై అయిదు నిమిషాలు. నేల కొద్దిగా ఊగుతోంది. ఇదంతా సముద్రం మీద తేలుతున్న కట్టడమట.

చిన్న విమానంలో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. పేరు హేమనళిని గారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారట. మాది గాలిపాడని, కొండమీద మంచువలలు కట్టి నీళ్ళు పట్టేవాళ్ళమని చెప్పాను. మూడేళ్ళుగా వలలు సగం నీళ్ళే పడుతున్నాయని, ఎందుకో ఊళ్ళో ఎవరికీ తెలియదని, అది నేర్చుకోవడానికే వెళ్తున్నానని చెప్పాను.

"ఇంట్లో ఎవరు చదువుకున్నారు?" అని అడిగారు.

"నేనేనండి. మా అమ్మకి సంతకం నేను నేర్పాను."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. దిగాక, "నా వెంట ఒకరిని లాంజ్‌లోకి తీసుకెళ్ళనిస్తారు. రా, కాస్త తిని పోదువుగాని" అన్నారు.

తలుపు దగ్గర మనుషులెవరూ లేరు. టికెట్టు అడగలేదు. ఎక్కణ్ణుంచో ఒక మెత్తటి గొంతు, "హేమనళిని గారూ, స్వాగతం. దేవమణి గారూ, మీరు కూడా రండి. ప్రయాణం బాగా జరిగిందా?" అంది. నన్ను గారూ అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఎవరికి జవాబివ్వాలో తెలియక కప్పు వైపు తలూపాను.

లోపల చూసినవి రాస్తాను. కూర్చుంటే మన వీపుకి తగ్గట్టు కదిలే కుర్చీలు. ఒక్కసారి చేతులు తుడుచుకుని బుట్టలో పడేసే మెత్తటి తువాళ్ళు. ప్రతి బల్ల మీదా కొండమంచు నీళ్ళ సీసాలు, మా వైపు కొండల బొమ్మ ఉన్నవి. ఒక్కో సీసాలో రెండు గుక్కలు తాగి వదిలేశారు. మా ఊళ్ళో ఆ సీసాడు నీళ్ళు నిండాలంటే ఒక గజం వల తెల్లవారేదాకా నిలబడాలి.

"ఎంతమ్మా ఇక్కడ భోజనం?" అని మెల్లగా అడిగాను.

"ఎంతేమిటే పిచ్చిదానా. ఎంతైనా తిను" అన్నారు ఆవిడ నవ్వుతూ.

రెండు ఇడ్లీలు, ఒక గారె, జామకాయ ముక్కలు పెట్టుకున్నాను. ఆవిడ గారె కొరికి, బాగాలేదని పక్కన పెట్టి, ఇంకోటేదో తెచ్చుకుని, అదీ సగం వదిలేశారు. ఇంతలో ఆవిడ విమానం పిలిచారు. "బాగా చదువుకో. మీలాంటి పిల్లలు పైకి రావాలి" అని నా తల నిమిరి వెళ్ళిపోయారు.

నాకింకా నలభై నిమిషాలుంది. తినడం అయిపోయింది. నా కంచం, ఆవిడ కంచం రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి లేచాను. కుళాయిలెక్కడున్నాయో వెతికాను. చివర్న ఒక తలుపు వెనక గిన్నెల చప్పుడు వినిపించింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల తొట్టి దగ్గర ఒకామె ఉంది. నేను ఖాళీగా ఉన్న కుళాయి దగ్గరికెళ్ళి, పీచు తీసుకుని రెండు కంచాలూ తోమి, కడిగి, బోర్లించాను.

ఆమె చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నన్ను చూస్తోంది. "ఎందుకు సేసినావే ఆ పని?" అంది.

"తిన్న కంచం కడుక్కోవాలి కదండీ."

"ఏ హాస్టలు?"

"గిరిజన బాలికల హాస్టలు."

ఆమె గిన్నె కిందపెట్టి నెత్తిమీద చెయ్యి వేసుకుంది.

నేను వచ్చిన తలుపు దగ్గరికెళ్ళాను. తెరుచుకోలేదు. నెట్టాను. గొంతు వినిపించింది. అదే మెత్తటి గొంతు. "దేవమణీ, ఏప్రాన్ కుడివైపు గూట్లో ఉంది. కట్టుకుని నాలుగో బల్ల తుడువు."

పొరపాటు పడిందనుకున్నాను. నేను ప్రయాణికురాలినండీ అని నాలుగుసార్లు చెప్పాను. "నాలుగో బల్ల, దేవమణీ" అంది. ఏప్రాన్ కట్టుకున్నాక లాంజ్‌లోకి తలుపు తెరుచుకుంది. లాంజ్ నుంచి విమానాల వైపు తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఫోనూ టికెట్టూ అన్నీ అందులోనే ఉండే నా చేతిపట్టీ మీద, టికెట్టు ఉన్నచోట బల్లల అంకెలు కనిపిస్తున్నాయి.

పన్నెండూ యాభైకి మీ దీవి విమానం వెళ్ళింది. తొట్టి పైనున్న గుండ్రటి కిటికీలోంచి చూశాను. తోక మీద నీలం గీత ఉంది.

మార్చి 4

ఆమె పేరు బొడ్డేపల్లి కనకరత్నం. శ్రీకాకుళం వైపు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. అక్కా అంటున్నాను.

"ఇక్కడ కాయితాలు సూడరు. పేర్లు అడగరు. దొంగ కార్డులు ఎక్కువైపోనాయని అన్నీ తీసీసినారు. ఇప్పుడు సేతులు సూస్తారు. సేతులేటి సేస్తన్నాయో దాన్నిబట్టి ఎవులేటో అదే తేల్చుకుంటాది" అంది.

"మరి మనిషెవరూ ఉండరా, చెప్పుకోవడానికి?"

"మూడు నెల్లకోపాలి ఒకాయనొస్తాడు. గోడలు సూసి ఎల్లిపోతాడు."

ఉదయం గొంతు నాకు రెండు విషయాలు చెప్పింది. నేను పనిలో చేరినట్టు నమోదైందట. మా ఇంటికీ, నేను చేరాల్సిన చోటుకీ ఆ సంగతి తెలియజేశారట. నా తరఫున సీటు వదులుకుంటున్నట్టు కూడా పంపారట. "నిన్ను ఎవరూ వెతుక్కుని కంగారుపడకుండా" అంది. పదిహేనో రోజున, అంటే 18 సాయంత్రం ఆరింటికి, చేరిక ఖరారవుతుంది. తర్వాత రెండేళ్ళు ఇక్కడే పని చెయ్యాలి.

మధ్యాహ్నం ఇంటినుంచి వచ్చిన మాట వినిపించారు. మా అమ్మ గొంతు. పట్టీలో మాట్లాడటం అలవాటు లేదు కదా, కొండ మీంచి పిలిచినట్టు అరుస్తోంది. "మణీ, ఉద్యోగం వచ్చిందట కదమ్మా. చదువు మొదలెట్టకముందే ఇచ్చేశారట కదా. బియ్యం మూట, నూనె డబ్బా తెచ్చి ఇచ్చారు. మీ నాన్న ఊరంతా తిరిగి చెప్పాడు. వేళకి తిను."

మళ్ళీ వినిపించమని అడిగాను. ఒక్కసారేనట. జవాబు చెప్పాలంటే నెలలో చివరి ఆదివారం దాకా ఆగాలి. మా నాన్న ఊరంతా తిరిగి చెప్పాడు. నేను ఆ తొట్టి దగ్గరే కూలబడ్డాను. అక్క నా వంతు గిన్నెలు కూడా తోమింది.

మార్చి 5

ఇక్కడ మేము ఏడుగురం. భోజనం దగ్గర డేవిడ్‌రాజు అనే అతను నా ఎదురుగా కూర్చున్నాడు. ఫుట్‌బాల్ ఆడతాడట. ఏదో జట్టులో చేరడానికి వెళ్తూ ఏడు నెలల కింద ఈ లాంజ్‌లో గంటసేపు ఆగాడు.

"కొత్త చెల్లెమ్మా, మీ వార్డెన్ ఏమనేవారు?" అని అడిగాడు.

"ఎప్పుడు?"

"కంచాలు చూసేటప్పుడు."

నాకు నవ్వొచ్చింది. అన్నం కాగానే కుళాయిల దగ్గర వరస కట్టించి, ఒక్కొక్కరి కంచం వెలుగులోకి పట్టి చూసేది మా వార్డెన్. "కంచంలో..." అని మొదలుపెట్టాను.

"మొహం కనపడాల" అన్నారు బల్ల చుట్టూ ఉన్న అందరూ ఒకేసారి.

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అందరి వంకా చూశాను. ఒకరిది పార్వతీపురం, ఒకరిది భద్రాచలం, ఒకరిది ఆదిలాబాదు. ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు. వేరు వేరు హాస్టళ్ళు. ఏడుగురమూ మా ఇళ్ళలో మొదట చదువుకున్నవాళ్ళం. ఏడుగురమూ ఎక్కడో సీటొచ్చి బయలుదేరినవాళ్ళం. ఏడుగురమూ ఈ లాంజ్‌లో తిని, లేచి, కుళాయి ఎక్కడని వెతికినవాళ్ళం.

"ఆ వార్డెన్లందరూ ఒకే బళ్ళో చదివుంటారు" అన్నాడు డేవిడ్‌రాజు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

మార్చి 6

ఒక దారి ఉందట. అక్క చెప్పింది. రోజూ రెండింటినుంచి మూడింటిదాకా మాకు ఖాళీ. ఆ గంటలో ఏప్రాన్ తీసేసి లాంజ్‌లో కూర్చోవచ్చు, ఎవరూ వద్దనరు. గంటసేపు పూర్తిగా ప్రయాణికురాలిలా ఉంటే గొంతు మళ్ళీ మనల్ని ఆ వైపుకి మార్చేస్తుంది. ఒకతను అలా వెళ్ళిపోయాడట.

"నువ్వెందుకు వెళ్ళలేదక్కా?"

"కూకున్నాను. నలభై నిమిషాలు కూకున్నాను. ఎవుల పిల్లో పాలు ఒలకబోసింది." చేతులు తుడుచుకుంది. "గుడ్డ ఎప్పుడు సేతిలోకొచ్చిందో తెలీనేదు."

అప్పటికి ఆమె నర్సుల బడిలో చేరడానికి ఇంకా మూడు రోజుల గడువుందట. అది అయిపోయాక మళ్ళీ కూర్చోలేదు. నాలుగేళ్ళైంది. రెండేళ్ళు పూర్తయినప్పుడు ఇంకో రెండేళ్ళకి ఆమే ఒప్పుకుంది. ఎక్కడికని వెళ్ళను అంది.

ఈరోజు ప్రయత్నించాను. పదకొండో నిమిషంలో నేల తుడిచే యంత్రం వచ్చింది. దానికి అడ్డమని కాళ్ళు పైకెత్తాను.

"దేవమణీ, విశ్రాంతి అయ్యాక ఆరో బల్ల" అంది గొంతు.

తొట్టి దగ్గర అక్క తిట్టింది. "యంత్రానికి దారిస్తావేటే? అది నీ సుట్టూ తిరిగెల్లాల. నువ్వు కదలకూడదు."

మార్చి 7

ఇరవై ఆరు నిమిషాలు. ఒక ముసలాయన నిలబడి కుర్చీ కోసం చూస్తున్నాడు. లేచాను.

రాత్రి భోజనాల ముందు డేవిడ్‌రాజు నాకు పాఠం చెప్పాడు. "నడిచేటప్పుడు గోడ పక్కన నడవకు. మధ్యలో నడువు. ఎదురొచ్చినవాళ్ళే తప్పుకుంటారు. కప్పు తెచ్చిచ్చినవాళ్ళ మొహం చూడకు. చూస్తే థాంక్స్ అంటావు. నువ్వు థాంక్స్ అనేది మనలా ఉంటుంది, వాళ్ళలా ఉండదు."

"వాళ్ళెలా అంటారు?"

అతను వేరేవైపు చూస్తూ, పెదవులు కదపకుండా, "థాంక్స్" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. పరీక్షకి చదివినట్టు చదువుతున్నాను.

మార్చి 8

ఇది రాయడం కష్టంగా ఉంది. కానీ ఉన్నదున్నట్టు రాయాలి.

రెండింటికి గది మధ్యలో కుర్చీలో కూర్చున్నాను. కాఫీ తెచ్చుకున్నాను. కేకు తీసుకుని కొంత తిని, పొడి ఒళ్ళోంచి నేలమీదికి దులిపాను. యంత్రం వచ్చి నా కాళ్ళ చుట్టూ తిరిగి వెళ్ళింది. ఎదురుగా ఒకామె బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది. నేను కిటికీలోకి చూశాను. లోపల్లోపల పద్యం అప్పజెప్పుకున్నట్టు ఒకటే అనుకుంటున్నాను, కదలకు, కదలకు అని. తర్వాత అదీ మానేశాను. సముద్రం చూస్తున్నాను. వెలుతురు బాగుంది. వీపు కింద కుర్చీ వెచ్చగా ఉంది. మీ దీవిలో మంచు ఉంటుందా, వలలు ఏ నూలుతో అల్లుతారు అని ఆలోచిస్తున్నాను.

"దేవమణి గారూ, క్షమించాలి. మీరు విశ్రాంతి తీసుకుంటున్నారు. విమానాల వైపు తలుపు మీ కోసం తెరిచి ఉంది."

లేచాను. బల్ల వైపు చూశాను. కప్పు లేదు. కంచం లేదు. నేల శుభ్రంగా ఉంది. ఎవరు తీశారో నాకు తెలియలేదు. అక్క తీసిందా, డేవిడ్‌రాజు తీశాడా. నా మోచేతి పక్కనుంచే ఎవరిదో చెయ్యి వచ్చి ఉండాలి. అయిదు రోజులుగా పక్కపక్కన కూర్చుని అన్నం తిన్న మనుషుల్లో ఒకరు వచ్చి వెళ్తే నేను చూడలేదు. ఒక్క గంటలో నాకు అది వచ్చేసింది.

లాంజ్ చివర ఉన్న ప్రయాణికుల కౌంటరు దగ్గరికి పరుగెత్తాను. అక్కడ కూడా గొంతే.

"మీ టికెట్టు 3వ తేదీతో చెల్లిపోయిందండి. మీరు చేరాల్సిన చోట సీటు వదులుకున్నట్టు ఉందండి."

"నేను వదులుకోలేదు."

"అయితే అక్కణ్ణుంచి ఒక్క వాక్యం వస్తే చాలండి, మీ కోసం ఎదురుచూస్తున్నామని. కొత్త టికెట్టు మేమే ఇస్తాం."

"మీరే అడగండి వాళ్ళని."

"ప్రయాణికుల సొంత విషయాలు మేము అడగకూడదండి. మర్యాద కాదు."

"నేనే అడుగుతాను. నా పట్టీ తెరవండి."

"టికెట్టు లేనివారికి పట్టీ తెరుచుకోదండి. మీరు తొంభై అయిదు నిమిషాలు విశ్రాంతి తీసుకోవచ్చు."

"తర్వాత?"

"తర్వాత మీరు ప్రయాణికులు కారండి."

ఆ తొంభై అయిదు నిమిషాల్లో ఇద్దరిని అడిగాను, మీకు కబురు పంపమని. ఒకామె నవ్వి తలూపింది. ఒకాయన మీ కేంద్రం పేరు తన పట్టీలో రాసుకున్నాడు, తప్పకుండా అన్నాడు. ఆయన మీకు రాశారో లేదో నాకు తెలియదు.

నాలుగున్నర దాటాక అక్క వచ్చి గుడ్డ నా చేతికిచ్చింది. నా కంచం ఎవరు తీశారని అడుగుదామనుకున్నాను. అడగలేకపోయాను.

మార్చి 10

మీ కేంద్రం పేరు రాసుకున్న ఆయన దగ్గర్నుంచి ఏమీ రాలేదు. మళ్ళీ కూర్చోమంటాడు డేవిడ్‌రాజు. కూర్చుని ఏం చెయ్యను. ఆ వాక్యం లేకుండా కూర్చుంటే మళ్ళీ తొంభై అయిదు నిమిషాలే.

"నీ కోసం ఎదురుసూసేవోల్లున్నారా అక్కడ, నిజంగా?" అంది అక్క.

తెలియదు అన్నాను. జాబితాలో పేరుందని మాత్రం తెలుసు.

మార్చి 12

ఇది ఇవాళ్టిది. మీకోసం రాస్తున్నాను.

పదింటికి కిటికీ పక్క బల్ల దగ్గర హేమనళిని గారు కనిపించారు. తిరుగు ప్రయాణంలో ఉన్నారు. చేతిలో పుస్తకం ఉంది. నేను పరుగులాంటి నడకతో వెళ్ళి పక్కన నిలబడ్డాను.

ఆవిడ తలెత్తకుండా వేలితో కంచం చూపించి, "ఇది తీసెయ్యి అమ్మాయ్" అన్నారు.

"అమ్మా, నేను దేవమణిని."

కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఏ దేవమణి?"

"మంచువలల వాళ్ళమ్మాయిని. మీరే నన్ను లోపలికి తీసుకొచ్చారు, మొన్న మూడో తేదీన."

"ఆ. అవును కదూ." నా ఏప్రాన్ చూశారు. మొహం విప్పారింది. "ఇక్కడే ఉద్యోగం దొరికిందా? మంచి పని చేశావు. చదువెక్కడికి పోతుంది, ముందు కాళ్ళ మీద నిలబడాలి."

ఆవిడ మనస్ఫూర్తిగా సంతోషించారు. ఎలాగో చెప్పాను. కంచాలు, తొట్టి, తలుపు, మా అమ్మ మాట, సీటు.

"నా కంచం కూడానా?" అన్నారు.

"రెండూ."

"నేను కడగమన్నానా?"

"లేదమ్మా."

లేచి నిలబడి కప్పు వైపు చూసి గట్టిగా అన్నారు, "చూడండి, ఈ అమ్మాయి ప్రయాణికురాలు. నా అతిథి. పొరపాటు జరిగింది."

"హేమనళిని గారూ, మీకు అసౌకర్యం కలిగినందుకు చింతిస్తున్నాం. ఆ అమ్మాయిని వేరే బల్లలకి మారుస్తాం" అంది గొంతు. వెంటనే నా పట్టీ మీద అంకె మారింది.

ఆవిడ ఆ అంకె చూశారు. తర్వాత ఎవరూ అనుకోని పని చేశారు. తన కంచం చేతిలోకి తీసుకుని తొట్టి వైపు నడిచారు. నేను వెనకాల పరుగెత్తాను. "వద్దమ్మా, మీరూ ఉండిపోతారు" అంటున్నాను. ఆవిడ వినలేదు. అక్క దారికి అడ్డం నిలబడితే పక్కకి జరిపారు. "నేనూ చూస్తాను, ఏం చేస్తుందో" అని కొంగు దోపుకుని కుళాయి తిప్పారు. కంచం తోమారు. అంచుకి కూర అంటుకునే ఉంది.

మేమందరం తలుపు వైపు చూస్తున్నాం.

"హేమనళిని గారూ, మీరెందుకు శ్రమపడతారు" అంది గొంతు. తలుపు తెరుచుకుంది.

ఆవిడ ఇంకో గిన్నె తీసుకుని కడిగారు. ఇంకొకటి. బల్ల తుడిచారు. నా ఏప్రాన్ లాక్కుని కట్టుకున్నారు. "హేమనళిని గారూ, తడి నేల, జాగ్రత్త" అంది. తలుపు తెరిచే ఉంది. డేవిడ్‌రాజు తన ఏప్రాన్ విప్పేసి ఆ తలుపు వైపు అడుగు వేశాడు. అది మూసుకుంది. ఆవిడా ఏప్రాన్ విప్పి అడుగు వేశారు. తెరుచుకుంది.

ఇన్నాళ్ళూ నేను తప్పు చేశాననుకున్నాను. కంచం కడక్కుండా ఉంటే ఇది జరిగేది కాదనుకున్నాను. రాత్రీ పగలూ అదే అనుకున్నాను.

"సేతులు సూస్తాదని మొదట్రోజే సెప్పినాను కదా" అంది అక్క మెల్లగా. హేమనళిని గారి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని గుడ్డతో తుడుస్తోంది. "ఏటి సేస్తన్నాయోనని అనుకున్నాను నాను. ఎవులివోనని సూస్తాదేమో."

హేమనళిని గారు తొట్టి పక్క పీట మీద కూర్చున్నారు. "నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను" అన్నారు. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. కాసేపటికి, "నీ సీటు ఎవరి చేతిలో ఉందో వాళ్ళకి రాయి. నా పట్టీలో పంపితే ఇదే గొంతు చదువుతుంది. కాగితం మీద రాయి. ఒడ్డుకి చేరగానే నేనే నా చేత్తో పంపిస్తాను. జవాబు వచ్చేదాకా రోజూ వాళ్ళని పిలుస్తాను" అన్నారు. ఇప్పటికీ ఆ పీట మీదే కూర్చున్నారు. లాంజ్‌లోకి వెళ్ళమన్నా వెళ్ళలేదు.

అధికారి గారూ, నేను మిమ్మల్ని అడిగేది ఇది.

ఒక వాక్యం రాయండి. "పాంగి దేవమణి కోసం మేము ఎదురుచూస్తున్నాం" అని. ఇంటర్వ్యూలో మీరు నన్ను ఒక ప్రశ్న అడిగారు, వలలో నీళ్ళు తగ్గితే మొదట ఏం చూస్తావని. నాకు తెలియదన్నాను. తెలియదన్నందుకే సీటిస్తున్నామన్నారు మీరు. అది నిజమైతే, ఆ వాక్యం రాయడంలో అబద్ధం ఉండదనుకుంటాను.

రెండో వాక్యం అడగడానికి నాకు హక్కు లేదు. బొడ్డేపల్లి కనకరత్నం పేరు మీ ఏ జాబితాలోనూ లేదు. ఆమె నర్సుల బడిలో సీటు పోయి నాలుగేళ్ళైంది. ఆమె గురించి రాస్తున్నానని తెలిసి ఇందాక కలం లాక్కుంది. "నా కోసం ఎవులు ఎదురుసూస్తారే, నీది సెడగొట్టుకోకు" అంది. కానీ ఎవరు ఎదురుచూడాలో, ఎందుకు చూడాలో ఇక్కడ అడగరు. మీ దీవిలో నర్సుల బడి ఉందని మీ పుస్తకంలో చదివాను. అక్కడ ఒక్కసారి కనుక్కోండి. వాళ్ళు కాదంటే, మీ మనసు ఒప్పుకుంటే, ఆమె పేరుతో కూడా ఒక వాక్యం రాయండి. ఒప్పుకోకపోతే నాదొక్కటే పంపండి. మిగతా అయిదుగురి పేర్లూ, వాళ్ళు చేరాల్సిన చోట్లూ వెనక కాగితం మీద ఉన్నాయి. ఆ చోట్లన్నిటికీ హేమనళిని గారే రాస్తానన్నారు.

జవాబు ప్రయాణికుల కౌంటరు పేరున రావాలి. సిబ్బంది పేరున వచ్చిన ఉత్తరాలు నెలాఖరు ఆదివారం దాకా మాకు ఇవ్వరు. 18 సాయంత్రం ఆరింటికి ఖరారు చేస్తారు కాబట్టి, దయచేసి ఈ నెల 17, సాయంత్రం నాలుగున్నర లోపు జవాబు పంపండి. ఆ రోజు మధ్యాహ్నం రెండింటినుంచీ నేను కౌంటరుకి కనిపించేలా గది మధ్యలో కూర్చుని ఉంటాను.

ఇట్లు,
పాంగి దేవమణి